కల్యాణమున వెలసిన ప్రజాసభ: బసవేశ్వరుని జీవితము

ఏలూరు పట్టణమునకు రెండు మహానదుల నీరు వచ్చి చేరును. విజయవాడ ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువ కృష్ణ నీటిని తెచ్చును. విజ్జేశ్వరము నుండి నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా వచ్చు కాలువ గోదావరి నీటిని తెచ్చును. రెండును ఇచ్చటనే కలియును. ఆ కృష్ణ నీరు మన కాలువలోనికి రాకమునుపు చాల దూరము ప్రయాణము చేసి వచ్చినది. ఆనకట్టకు పైన నాగార్జునసాగరము, దానికి పైన శ్రీశైలము, ఇంకను పైకి పోయినచో కన్నడ దేశమున మలప్రభానది కృష్ణలో కలియు కూడలసంగమము. బసవేశ్వరుడు చిన్ననాడు చదువుకొన్నది ఆ సంగమముననే; తుదకు లింగైక్యము చెందినదియు ఆ సంగమముననే. కావున ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతముల వీరశైవ కుటుంబములకు బసవన్న పరదేశపు పురుషుడు కాడు. మన నదికి ఎగువనున్న ఊరివాడు.

ఆయన మహిమలు ప్రతి మఠమునందును పురాణకాలక్షేపములలో వినబడుచునే యున్నవి. వానిని ఇచ్చట తిరిగి చెప్పబోను. ఆయన నెలకొల్పిన సభ ఎట్టి పాలన క్రింద పుట్టినది, ఎట్లు బ్రదికినది, ఎట్లు చెదరినది అను విషయమును ఆయన జీవితకథతో కలిపి చెప్పుట నా ఉద్దేశము. నేడు ప్రపంచమున అనేక దేశములలో ప్రజలు ఎన్నుకొన్న నాయకులే సభలను చిన్నబుచ్చి, ప్రశ్నించువారిని పగవారినిగా చూచుచున్నారు. మన దేశమును 1975 జూన్ మొదలు 1977 మార్చి వరకు అత్యవసర పరిస్థితి పేర ఆ చేదును చవిచూచినది. అందువలన ఎనిమిదివందల యేండ్లకు పైబడిన కల్యాణపు కథ పాతకథగా తోచదు.

కల్యాణము నేటి కర్ణాటకమున బీదరు జిల్లాలోని బసవకల్యాణము. అది పశ్చిమ చాళుక్యుల రాజధాని. ఆరవ విక్రమాదిత్యుడు 1126లో గతించిన పిదప ఆ సామ్రాజ్యము సడలసాగెను. సామంతులు ఎవరికి వారు బలపడిరి. వారిలో కలచురి వంశజుడైన బిజ్జలుడు ఒకడు. మంగళవాడ ఆతని నెలవు. చాళుక్య ప్రభువైన మూడవ తైలపుని కొలువులో మహామండలేశ్వరుడుగా నుండియే సైన్యమును, ఖజానాను తన చేతిలోనికి తెచ్చుకొనెను. 1157 ప్రాంతమున తన పేరనే పాలన సంవత్సరములను లెక్కింప మొదలిడెను. 1162 నాటికి చక్రవర్తి బిరుదములన్నియు ఆతనివే అయ్యెను. తైలపుడు రాజధాని విడిచి పోయెను. ఆ తైలపుని అంత్యము మన తెలుగు శాసనములోనే ప్రస్తావింపబడినది. కాకతి రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభముల గుడిలో వేయించిన శాసనము, రుద్రదేవునికి వెరచియే తైలపుడు మరణించెనని చాటును. ఆ సందడిలో రుద్రదేవుడును స్వతంత్రుడయ్యెను.

మన ప్రాంతపు స్థితియు ఇంతకంటె మేలుగా నుండలేదు. ఏలూరికి సమీపముననున్న పెదవేగి ఒకప్పుడు వేంగి రాజ్యమునకు తలమానికము. 12వ శతాబ్ది నాటికి ఆ వైభవము పోయి, వేంగి చోళచక్రవర్తుల పేర నడచుచుండెను. పెత్తనము మాత్రము గుంటూరు సీమలోని చందవోలు నుండి వెలనాటి ప్రభువులది. కొల్లేటి పక్కన కొలను అను చిన్న రాజ్యముండెను. దాని అధిపతియైన తెలుగు భీముని ఓడించి తరిమితినని విక్రమచోళుడు తన శాసనములలో చెప్పుకొనెను. కొల్లేటికోటకు పోయి పెద్దింట్లమ్మను సేవించువారు ఆ కోట అను పేరును తలచుకొన్నచో, ఆనాడు నీటి నడుమనున్నవారికిని కత్తి బెడద తప్పలేదని తెలియును. బలవంతుడు గెలుచుట, గెలిచినవాడు పన్ను వసూలు చేయుట, ప్రజ వినుట, ఇదియే ఆనాటి రాజనీతి. పాలింపబడువాని అభిప్రాయము అడుగవలెనను తలపు ఎవరికిని ఉన్నట్లు కనబడదు.

అట్టి కాలమున, నేటి విజయపుర జిల్లాలోని బాగేవాడి యందు, మాదిరాజు, మాదాంబ అను శైవబ్రాహ్మణ దంపతులకు బసవన్న జన్మించెను. 1131 ప్రాంతమని కొందరు, అంతకు పాతికేండ్లకు ముందని కొందరు పండితులు చెప్పుదురు. 1260 నాటి అర్జునవాడ శాసనమున ఆయన పేరును, తండ్రి పేరును కనబడుచున్నవి గనుక ఆయన పురాణపురుషుడు మాత్రమేనని శంకింప నక్కరలేదు. అక్క పేరు నాగమ్మ. ఎనిమిదవ యేట ఉపనయనము చేయబోగా బాలుడు వలదనెను. శివదీక్ష ఉండగా ఈ దీక్ష ఏలయని తండ్రితో వాదించెనని మన సోమనాథుడు వ్రాసెను. అక్కకు లేని సంస్కారము తనకేలయని అడిగెనని కన్నడదేశపు వాడుక. రెండును ఒకే పట్టుదలకు రెండు రూపములు. పుట్టుకవలన వచ్చు హక్కును ఒక బాలుడు తన ఇంటిలోనే, తన తండ్రి ముందే నిరాకరించెను. తండ్రిని కాదనలేనివాడు రాజును కాదనలేడు. బసవన్న విద్యాభ్యాసము అచ్చటనే మొదలైనదని నా తలంపు.

ఇల్లు విడిచి అక్కతో కూడ సంగమమునకు పోయెను. అచ్చటి గురుపీఠమున కొన్ని యేండ్లు చదివెను. సంగమేశ్వరుడే ఆయన ఇష్టదైవము. ఆయన చెప్పిన వచనములన్నింటికిని ఆ స్వామి పేరే ముద్ర అయ్యెను. ఈ భాగమున చెప్పుటకు చాల లేదు. చదువుకొన్న శాస్త్రములకంటె నదీతీరమున చూచిన జనమే ఆయనను తీర్చెనని ఊహింపవచ్చును.

మేనమామ బలదేవుడు బిజ్జలుని వద్ద మంత్రి. ఆయన తన కుమార్తె గంగాంబను బసవన్నకిచ్చి వివాహము చేసెను. బలదేవుని అనంతరము బసవన్న బిజ్జలుని కొలువులో చేరెను. లెక్కలు వ్రాయు కరణముగా మొదలిడి ఖజానాకు అధికారియై, తుదకు దండనాయకుడయ్యెనని సంప్రదాయము. ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న కలదు. దీనిని మన పురాణ ప్రవక్తలు సామాన్యముగా దాటవేయుదురు. ప్రభువును తోసి గద్దెనెక్కినవాని ధనాగారమునకు బసవన్న వంటి పురుషుడు ఏల కాపలా కాసెను?

దీనికి సమాధానముగా బిజ్జలుడు మంచివాడని చెప్పువారు కలరు. ఆతడును శివభక్తుడేయని చెప్పువారు కలరు. ఈ మాటలు నాకు నచ్చవు. బసవన్న తాను ఎవని ఉప్పు తినుచున్నాడో ఎరుగనివాడు కాడు. కాని అప్పుడు రాజ్యములో కొలువు లేనివానికి నూరుమందిని ఒకచోట చేర్చుటకు చావడి కూడ దొరకదు. ఆయన ఆ స్థానమును వాడుకొనెను. ఆ స్థానము ఆయనను వాడుకొనుటకు మాత్రము ఒప్పుకొనలేదు. ఖజానా ధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు బిజ్జలుని చెవిలో వేసిరి. లెక్క చూచిరి. ఒక్క మాడయు తరుగలేదు. సోమనాథుడు దీనిని శివుని మహిమగా చెప్పెను. లెక్కలు వ్రాయు ఉద్యోగము చేసినవారెవరైనను దీనిలోని వేరొక అర్థమును గ్రహింపగలరు. సొంత సంపాదనను దాసోహమునకు పెట్టి, ప్రభుత్వ ధనమును ముట్టకున్న అధికారి లెక్కకు భయపడడు. అయినను ఒక నిజము ఒప్పుకొనవలెను. నిరంకుశుని నీడలో పెరిగిన చెట్టుకు ఆ నీడయే ఒకనాడు గొడ్డలి యగును. బసవన్నకును అట్లే జరిగెను.

ఇక సభ సంగతి. దానిని అనుభవమంటపమని పిలిచిరి. దాని వివరములు 15వ శతాబ్దిలో కూర్చబడిన శూన్యసంపాదనములో ఎక్కువగా దొరకును గనుక, ఏది కల్యాణపు నాటిది, ఏది పిదపటి భక్తుల కూర్పు అని వేరుచేయుట కష్టము. నేటి శాసనసభ వలె అచ్చట ఎన్నికలు లేవు, ఓట్ల లెక్కింపు లేదు. ఇంగ్లండున 1215లో ప్రభువులు రాజు చేత పత్రము వ్రాయించుకొనుటకంటె ఇది ముందటిదని మనవారు సభలలో గర్వముగా చెప్పుట కలదు. అది వట్టి పోటీ. రెండింటికిని పోలిక తక్కువ. అచ్చట భూస్వాములైన ప్రభువులు తమ హక్కులకొరకు రాజును నిర్బంధించిరి. ఇచ్చట భూమి గాని, కత్తి గాని లేనివారు కూర్చుండి మాటలాడిరి. దీని గొప్ప ఇది చాలును.

ఎవరు వారు? చాకలి మడివాళ మాచయ్య. తోలుపని చేయు డోహర కక్కయ్య. మేదర కేతయ్య. పడవ నడుపు అంబిగర చౌడయ్య. చెప్పులు కుట్టు హరళయ్య. తాంబూలపు సంచి మోయు హడపద అప్పన్న. కట్టెలు కొట్టి అమ్ము మోళిగె మారయ్య. వీరికి ముందు తరమువాడైన నేతగాడు దేవర దాసిమయ్య మాటలును వారికి ప్రమాణమే. స్త్రీలును కలరు: అక్క నాగమ్మ, గంగాంబ, నీలాంబ, లక్కమ్మ, ఉడుతడి నుండి ఒంటరిగా నడచివచ్చిన అక్క మహాదేవి. వేశ్యావృత్తి విడిచి వచ్చిన సంకవ్వ కూడ వచనము చెప్పెను. అమరగణములు 770 మందియని సంప్రదాయము లెక్క చెప్పును. మాటలాడుటకు అర్హత కులము కాదు, సంస్కృతము కాదు. చేతిపని ఒకటి ఉండవలెను, ఆ పనివలన వచ్చినదానిని పదిమందితో పంచుకొనవలెను. కాయకము, దాసోహము అను రెండు మాటల అర్థమిదియే. భాష ఊరిభాష.

అన్నింటికంటె గమనింపదగినది అధ్యక్షస్థానము. సభను కూర్చినవాడు బసవన్న. చావడి ఆయనది, భోజనపు ఖర్చు ఆయనది, రాజ్యములో పలుకుబడి ఆయనది. కాని శూన్యసింహాసనముపై కూర్చున్నవాడు అల్లమ ప్రభువు. ఈ అల్లముడు మద్దెల వాయించు కుటుంబమున పుట్టి, ఊరూర తిరుగు విరాగి. ఎవరిని మెచ్చుకొనుటకును తొందరపడనివాడు. బసవన్న ఆయన ముందు కూర్చుండి తన భక్తిని గూర్చి ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనెను. సొన్నలిగె సిద్ధరాముడు చెరువులు త్రవ్వించి, గుడులు కట్టించి పేరుపొందినవాడు. అతనిని అల్లముడు నిలదీసి కల్యాణమునకు తోడ్కొని వచ్చెను. మహాదేవి వచ్చినప్పుడు ఆమెను కఠినముగా పరీక్షించెను. ఆమె వెనుదీయక బదులు చెప్పెను. సభ ఆమెను అక్కయని అంగీకరించెను. అధికారము గలవాడే అధ్యక్షుడు కాగూడదని ఆనాడు ఏ గ్రంథమును చెప్పలేదు. బసవన్న చేసి చూపెను. ఈ ఒక్క పని నాకు ఆయన మహిమలన్నింటికంటె పెద్దదిగా తోచును.

నులియ చందయ్య కథ మన కొల్లేటివారు ప్రత్యేకముగా వినదగినది. ఆయన నీటియొడ్డున గడ్డి కోసి, త్రాళ్లు పేని, అమ్మి జీవించువాడు. ఒకనాడు గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారి నీటిలో పడెను. చందయ్య గడ్డి కోయుట మానలేదు. జంగమసేవకు వేళ మించిపోవునని పని ముగించుకొని పోయెను. లింగము జారినవాడు ప్రాణము విడువవలెనని కొందరి పట్టు. సభలో దీనిపై తీవ్రమైన చర్చ జరిగెను. గురువునకైనను, లింగమునకైనను, జంగమునకైనను కాయకము తప్పదని చందయ్య వాదము. ఆ వాదము నిలిచెను. కొల్లేటి లంకలలో తుంగ కోసి చాపలల్లువారిని, తాటిదోనెలపై తెల్లవారకమునుపే మావులు ఎత్తుటకు పోవువారిని చూచినప్పుడెల్ల చందయ్యయు, పడవవాడైన చౌడయ్యయు నాకు జ్ఞప్తికి వత్తురు. వీరి వంటివారే ఆ సభలో సభ్యులు. దర్శకులుగా వచ్చి వెనుక వరుసలో నిలిచినవారు కారు.

లక్కమ్మ సంగతియు అట్టిదే. ఆమె భర్త మారయ్య నేలపై రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి దాసోహము చేయువాడు. ఒకనాడు రోజువారీ కంటె ఎక్కువ తెచ్చెను. అక్కరకు మించిన గింజలు మనకు వలదు, తీసికొనిపోయి అచ్చటనే పోసిరమ్మని లక్కమ్మ భర్తను వెనుకకు పంపెను. ఆ గింజలు బసవన్న ముంగిటివి. అనగా ఆ పేదరాలు దండనాయకుని ఔదార్యమును తిప్పి పంపెను. ఎవరును ఆమెను తప్పుపట్టలేదు. దాతకు లొంగని పేదవాడున్నచోటనే సభ సభగా నిలుచును. పంపకములు అందుకొనుటకు మాత్రమే జనము చేరినచోట అది సంత యగును. మన గ్రామసభలకు 1992లో 73వ రాజ్యాంగ సవరణ బలమిచ్చినది. కాని హాజరుపుస్తకము ఇంటింటికి త్రిప్పి సంతకములు పెట్టించుకొను గ్రామములు కలవు. కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించినప్పుడును, 2006లో చేపలచెరువుల గట్లు తెగగొట్టినప్పుడును, సరస్సు ఎవరిది, దాని హద్దు ఎవరు నిర్ణయింపవలెను అను ప్రశ్న లంకగ్రామములలో ప్రతి అరుగుమీదను వినబడినది. సరస్సును కాపాడవలసినదే. చెరువులు త్రవ్వినవారిలో పెద్దచేతులును కలవు. అయినను దోనెవాని మాట ఎంతమంది అడిగిరి?

కల్యాణమునకు తిరిగి వత్తము. సభ మాటలకే పరిమితమై యున్నంతకాలము బిజ్జలుడు దానిని సహించెను. మాట ఆచరణము కాగానే సహనము తీరెను. బ్రాహ్మణకుటుంబమున పుట్టి శరణుడైన మధువరసు తన కుమార్తెను, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు ఇచ్చి వివాహము చేసెను. లింగధారణ చేసినవారిలో పూర్వకులము అడుగరాదను సిద్ధాంతమునకు ఇది సహజమైన ఫలము. ఊరిలోని పెద్దలు కులధర్మము చెడినదని రాజద్వారమున మొరపెట్టిరి. గద్దెను బలముచేత సంపాదించినవానికి ఎప్పుడును ఒక భయముండును. తన హక్కు ప్రశ్నింపబడునను భయమది. అట్టివానికి సంప్రదాయపు పెద్దల మద్దతు కావలెను. బిజ్జలుడు వారి పక్షము చేరెను. హరళయ్య, మధువరసులను ఏనుగు కాళ్లకు కట్టి వీధులలో ఈడ్పించెనని కన్నడదేశపు కథ. సోమనాథుని బసవపురాణమున హల్లయ, మధువయ అను ఇద్దరు శరణుల కన్నులు తీయించెనని యున్నది.

కన్నులు తీయించుట అను ఈ శిక్ష మన తీరమునను వినబడును. గోదావరి తీరపు ద్రాక్షారామమున జన్మించిన మల్లికార్జున పండితారాధ్యుడు బసవన్నకు సమకాలికుడు. చందవోలులో వెలనాటి ప్రభువు సభకు పోయి, ఆయన బౌద్ధాచార్యునితో వాదించి గెలిచెను. పిమ్మట పండితుని శిష్యులు ఆ ఆచార్యుని చంపిరి. రాజు కోపించి పండితుని కన్నులు తీయించెను. శివానుగ్రహమున చూపు తిరిగి వచ్చెనని సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున చెప్పెను. మనము రాజు క్రూరత్వమును గూర్చి కన్నీరు కార్చుదుము. శిష్యులు చేసిన హత్యను గూర్చి నోరెత్తము. వాదములో ఓడినవానిని చంపుట వాదమునకే చేటు. సోమనాథుడు దానిని దాచలేదు. మనకు దాచవలసిన పని లేదు.

కల్యాణమునను అట్లే జరిగెను. ఇద్దరు శరణుల దండనముతో ఊరు రెండుగా చీలెను. యువకులు ప్రతీకారమని కేకలు వేసిరి. బసవన్న అంగీకరింపలేదు. చంపుట తమ మార్గము కాదని నచ్చజెప్ప యత్నించెను. ఆ మాట చెల్లలేదు. అన్ని యేండ్లు తాను కూర్చిన సభలో తన మాట చెల్లకపోవుట ఆయనకు ఎట్లుండెనో మనము ఊహించుకొనవలసినదే. సభలో తన మాటకు ఒక మాటగా మాత్రమే విలువయుండవలెనని కోరుకొన్నవాడు ఆయనయే గదా. పదవి విడిచి, కల్యాణము విడిచి, చదువుకొన్న చోటికి, సంగమమునకు పోయెను. పిదప జగదేవుడు మల్లయ, బొమ్మయలతో కూడి బిజ్జలుని హత్య చేసెనని మన పురాణము చెప్పును. 1167లో బిజ్జలుని కుమారుడు సోవిదేవుడు రాజ్యమునకు వచ్చినట్లు చరిత్ర చెప్పుచున్నది. హత్యను వీరకార్యముగా కీర్తించు పాటలు, హరికథలు నేను విన్నాను. కాని లెక్క చూడుడు. బిజ్జలుడు పోయెను, ఆతని కుమారుడు వచ్చెను, సైన్యము శరణులపై పడెను. సభ మరల కూడలేదు. కలచురుల పాలన 1180ల నడిమికి తానై అంతరించెను. కత్తి దూయకున్నను అది ఎంతోకాలము నిలుచునది కాదు.

శరణులు ఊరు విడిచిరి. చెన్నబసవన్న, అక్క నాగమ్మ ముందు నడువగా, మడివాళ మాచయ్య వెనుక నుండి కాయగా, స్త్రీలు, పిల్లలు, వచనముల తాళపత్రపు కట్టలతో పడమటి అడవులలోని ఉళివి వైపు నడచిరి. కొందరు శ్రీశైలము వైపు మరలిరి. పాలకుని మార్చలేనప్పుడు ఆతని ఊరిని ఖాళీచేయుట ప్రజకున్న చివరి ఆయుధము. మన ఆంధ్రమునను ఇట్టిది జరిగినది. 1919లో మద్రాసు ప్రభుత్వము చీరాల, పేరాలలను ప్రజలు వలదన్నను పురపాలకసంఘముగా మార్చి పన్నులు అనేక రెట్లు పెంచెను. మగ్గముమీద బ్రదుకువారు ఆ పన్ను ఎట్లు కట్టగలరు? 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున వేలమంది ఇండ్లు విడిచి, ఊరిబయట రామనగరమని పాకలు వేసికొని, ఎండకు వానకు ఓర్చి సుమారు పదకొండు నెలలు గడపిరి. గోపాలకృష్ణయ్య చెరసాల పాలయ్యెను. చేతిలో డబ్బు లేక జనము తుదకు తిరిగి ఇండ్లకు వచ్చిరి. ఒక్క ప్రాణము తీయలేదు. ఆ నేతగాండ్రలో దేవర దాసిమయ్యను కులగురువుగా తలచు దేవాంగులును ఉండిరి. కల్యాణపు వలసకథ వారు ఎరిగి చేసిరని నేను చెప్పను. చేతిపనివానికి ఓపిక ఒక్కటే గదా పెట్టుబడి.

చెదరిన సభ మాటలు మాత్రము చెదరలేదు. తెలుగువారి పాలు ఇందులో చిన్నది కాదు. ఓరుగల్లు సీమలోని పాలకురికి సోమనాథుడు బసవన్న కథను ఏడు ఆశ్వాసముల ద్విపదగా, నలుగురు పాడుకొను తెలుగులో రచించెను. మార్గకవిత్వము రాజసభలకు, ద్విపద వీధి అరుగులకు. కన్నడమున భీమకవి 1369లో బసవపురాణమును వ్రాసినప్పుడు ఆధారము మన సోమనాథుడే. వచనముల తాళపత్రములు మఠములలోను, ఇండ్ల అటకలమీదను శతాబ్దములు పడియుండెను. విజయపురమున న్యాయవాదియైన ఫ. గు. హళకట్టి వానిని ఊరూర తిరిగి సేకరించి, 1923 నుండి అచ్చువేయసాగెను. అచ్చుయంత్రముకొరకు తన ఇల్లు అమ్ముకొనెను. ఆ పుస్తకములు రాకున్నచో చందయ్య, లక్కమ్మల మాటలు నేడు మనకు తెలియవు.

తరువాతి గౌరవములు చాల కలవు. 2003లో పార్లమెంటు ఆవరణలో బసవన్న విగ్రహమును రాష్ట్రపతి అబ్దుల్ కలాము ఆవిష్కరించెను. 2015లో లండను నగరమున థేమ్సు నదియొడ్డున ఒక విగ్రహము వెలసెను. 2021 జనవరిలో బసవకల్యాణమున నూతన అనుభవమంటపమునకు శంకుస్థాపన జరిగెను. 2024లో కర్ణాటక ప్రభుత్వము ఆయనను రాష్ట్రపు సాంస్కృతిక నాయకునిగా ప్రకటించెను. విగ్రహములకు దండలు వేయుటలో అన్ని పక్షముల వారును ముందుందురు. సభలో ఎదురుమాట వినుటకు వచ్చినప్పుడు వారిలో ఎందరు మిగులుదురో చెప్పలేము.

బసవన్న కడపటి దినములను గూర్చి ఎక్కువగా తెలియదు. సంగమమునకు చేరిన కొలదికాలమునకే లింగైక్యము చెందెను. అదే సమయమున మన పండితారాధ్యుడు ఆయనను చూడవలెనని శిష్యులతో కల్యాణమునకు బయలుదేరియుండెను. బసవన్న కులమును పూర్తిగా విడిచినవాడు. పండితుడు భక్తియందు ఆయనతో సమానుడైనను బ్రాహ్మణ్యమును విడువలేకపోయెను. ఈ భేదముననే నేటికిని మనలో ఆరాధ్యులు, జంగములు, లింగబలిజలు అను తేడాలు మిగిలినవి. వారిద్దరును ఎదురెదురుగా కూర్చున్నచో ఏమి మాటలాడుకొందురో అనుకొందును. ఆ సమావేశము జరుగలేదు. దారిలోనే బసవన్న లేడను వార్త వినబడెను. పండితుడు దుఃఖించి, కల్యాణపు దారి విడిచి, శ్రీశైలమునకు మరలెను. అచ్చటనే ఆయనయు శివైక్యము చెందెను.

సంగమమున బసవన్న ఐక్యస్థలము నేడు నీటి నడుమ ఉన్నది. దిగువన నారాయణపురమున కట్టిన ఆనకట్టకు బసవసాగరమని పేరు పెట్టిరి; ఆ జలాశయపు నీరు వెనుకకు పెరిగి సంగమక్షేత్రమును చుట్టుముట్టెను. ఐక్యలింగము మునుగకుండ దాని చుట్టును పెద్ద బావివలె గోడ కట్టిరి. వంతెనమీదుగా నడచిపోయి, మెట్లు దిగి, దర్శనము చేసికొనవలెను. దిగువ మెట్టుమీద నిలిచినవానికి గోడ ఆవల కృష్ణ నీరు తలకంటె ఎత్తున ఉండును.